క్యాబినెట్ కోసే ముందు ఒకసారి డోర్ తీసి చూడండి: నరసరావుపేట ఎండలో మా మొదటి కూలింగ్ మోడ్

మే మూడో వారం. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, నరసరావుపేటలో రోళ్ళు అప్పుడే పగిలేలా ఉన్నాయి. మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పీసీ వల్ల కావట్లేదు. చలికాలంలో 40 నిమిషాల్లో అయిపోయే రెండర్ ఇప్పుడు 50 దాకా పోతోంది. ఫ్యాన్ల మోతకి పక్క గదిలో అమ్మ సీరియల్ కూడా వినపడట్లేదంట. షాపాయన్ని అడిగితే కొత్తది కట్టించుకోమంటున్నాడు."

వాడు పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్ కూడా వాడే. నెలాఖరు లోపు మూడు పెళ్లిళ్ల వీడియోలు ఇవ్వాలి. ఆ పనిలో బ్యాలెన్స్ డబ్బులు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాకే వస్తాయి. కొత్త పీసీకి 60 వేలు ఎక్కడినుంచి తెస్తాడు? ఆదివారం పొద్దున్నే బస్సెక్కా, బ్యాగులో ఒక ఆకురాయి సెట్టు, చిన్న డ్రిల్లింగ్ మిషన్, గది ఉష్ణోగ్రత చూసే థర్మామీటర్ వేసుకుని.

వాడి సిస్టమ్‌లో ఉన్నవి మరీ మండే పార్టులేం కావు. రైజెన్ 5 3600, దాంతో పాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలర్, జీటీఎక్స్ 1660 సూపర్. ప్రాసెసర్ 65 వాట్ల తరగతి, గ్రాఫిక్స్ కార్డు 125 వాట్లు. తేడా అంతా వాటిని పెట్టిన డబ్బాలో ఉంది. గేమింగ్ క్యాబినెట్ అని అమ్ముతారే, ఆ రకం. ముందువైపు అద్దంలా మెరిసే నల్ల యాక్రిలిక్ షీటు, దాని వెనక రంగు లైట్లతో మూడు ఫ్యాన్లు. గాలి లోపలికి ఎటునుంచి వెళ్తుందా అని వెతికితే, ప్యానెల్‌కి రెండు పక్కలా చిటికెన వేలు దూరనంత సందు. అంతే!

కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి, ఆ స్ట్రాని మధ్యలో వేళ్లతో నొక్కి పట్టుకుని తాగి చూడండి. బుగ్గలు నొప్పెడతాయి కానీ నీళ్లు రావు. ఆ మూడు ఫ్యాన్ల పరిస్థితి కూడా ఇదే. ఇంకో మూడు తగిలించినా నొక్కిన స్ట్రా నొక్కినట్టే ఉంటుంది. అందుకే ఫ్యాన్లు కొనక ముందు, కోత పెట్టక ముందు, నొక్కు ఎక్కడుందో కనిపెట్టాలి.

ముందు కొలత, తర్వాతే కోత

దీనికి పైసా ఖర్చు లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్లు, క్లాక్ స్పీడు అన్నీ చూపిస్తుంది. లోడ్ కోసం మీరు రోజూ చేసే పనే పెట్టండి. గేమ్ ఆడేవాళ్లయితే అదే గేమ్, అదే సీన్. మేం ఒకే పెళ్లి ప్రాజెక్టుని మళ్లీ మళ్లీ రెండర్ పెట్టాం, ప్రతిసారీ 20 నిమిషాలు నడిచాక రీడింగ్ తీసుకున్నాం. థర్మామీటర్‌ని క్యాబినెట్ ముందు, గాలి పీల్చుకునే చోట పెట్టా. ఇది చాలామంది వదిలేస్తారు. పొద్దున 30 డిగ్రీల గదిలో ఒక టెస్టు, మధ్యాహ్నం 37 డిగ్రీల గదిలో ఇంకో టెస్టు చేసి రెండూ పోల్చుకుంటే తేలేదేమీ ఉండదు. చూడాల్సింది పార్టు వేడి, గది వేడి మధ్య తేడా.

గది 36 డిగ్రీలు. అన్నీ మూసి ఉంచితే ప్రాసెసర్ 94, గ్రాఫిక్స్ కార్డు 83. ఈ ప్రాసెసర్‌కి 95 హద్దు. ఆ గీత దగ్గరికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. 3.9 గిగాహెర్ట్జ్ దగ్గర నడవాల్సింది 3.3కి పడిపోయింది. రెండర్‌కి ఆ పది నిమిషాలు ఎక్కువ పట్టేది ఇందుకే.

మొదటి పని శుభ్రం చేయడం. కూలర్ రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుపోయి ఉంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, పాత పేస్టు తుడిచి కొత్త థర్మల్ పేస్ట్ పెట్టాం. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే మామూలు స్పీడుకి మించి తిరిగి బేరింగ్ పోతుంది. ఇదంతా చేశాక 90, 81. కొంత నయం, అంతే.

తర్వాత పక్క డోర్ తీసేసి మళ్లీ అదే రెండర్. 79, 70! ఇదే అసలు పరీక్ష. డోర్ తీయగానే పది డిగ్రీల దాకా తగ్గిందంటే కూలర్ బాగానే పనిచేస్తోంది, దానికి గాలే అందట్లేదు అని అర్థం. ఒకవేళ రెండు మూడు డిగ్రీలే తగ్గితే మాత్రం క్యాబినెట్ జోలికి వెళ్లొద్దు. అప్పుడు చూడాల్సింది కూలర్ బిగింపు, పేస్టు, లేదా ఆ కూలరే చాలకపోవడం. ఈ ఒక్క పరీక్ష చేయకుండా డబ్బాకి కన్నాలు పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఒకప్పుడు నేనూ ఆ బాపతే, ఆ కథ కాసేపట్లో చెప్తా.

"మరి డోర్ తీసే ఉంచేద్దాం కదన్నా?" అన్నాడు తమ్ముడు. ట్యూబ్‌లైట్ కింద గోడ మీద ఉన్న బల్లిని చూపించా. ఇంకేం మాట్లాడలేదు.

చివరి టెస్టు: డోర్ మూసి, ముందు ప్యానెల్ మొత్తం ఊడదీసి నడిపాం. 82, 73. డోర్ తీసినప్పటి రీడింగులకి మూడు డిగ్రీల దూరంలో ఉన్నాం. దొంగ దొరికాడు. నొక్కు ముందు ప్యానెల్లోనే ఉంది. పక్కన, పైన, కింద ఎక్కడా కోయాల్సిన పని లేదు.

ప్యానెల్ పని

కోతల్లో బిగినర్‌కి అన్నిటికంటే భద్రమైన చోటు ముందు ప్యానెలే. అది విడిగా ఊడొస్తుంది, ప్లాస్టిక్కే కాబట్టి ఇనప రజను రాలదు, చెడిపోయినా మదర్‌బోర్డుకి ఏమీ కాదు. ఒక్క జాగ్రత్త. మీ ప్యానెల్ యాక్రిలిక్కా, అద్దమా ముందు తేల్చుకోండి. గోటితో కొడితే అద్దం ఖణేల్మంటుంది, చల్లగా తగులుతుంది. టెంపర్డ్ గ్లాస్ అయితే డ్రిల్లు ఆనించొద్దు. ఒకసారి టెంపర్ చేసిన అద్దాన్ని కోయడం ఎవరి వల్లా కాదు, షీటు మొత్తం ముక్కలై రాలిపోతుంది. దాన్ని విప్పి పక్కన పెట్టి ఆ స్థానంలో జాలి బిగించడం ఒక్కటే దారి.

మాది యాక్రిలిక్. డబుల్ టేపుతో ఫ్రేముకి అంటించి ఉంది. చెల్లి హెయిర్ డ్రయ్యర్ అడిగి తీసుకుని అంచుల వెంబడి వెచ్చచేస్తూ పోతే జిగురు మెత్తబడింది, పాత ఏటీఎం కార్డు దూర్చి మెల్లగా లేపా. పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తోంది. "కొన్నప్పుడు దాని మెరుపు చూసే కొన్నాడురా" అంది. మెరుపు తీసేస్తే వెనక ఇంకో గట్టి ప్లాస్టిక్ గోడ. దానికి ఒక్క రంధ్రం కూడా లేదు! కంపెనీవాళ్లు ఫ్యాన్లకి ఎదురుగా గోడ కట్టి, దాని మీద అద్దం అంటించారన్నమాట.

ఆ గోడ మీద మాస్కింగ్ టేప్ అంటించి, ఫ్యాన్లు కనపడేంత మేర పొడుగాటి చతురస్రం గీశాం. అంచు నుంచి నాలుగు వైపులా 15 మిల్లీమీటర్లు వదిలాం, ఫ్రేము బలం పోకుండా. నాలుగు మూలలా డ్రిల్లుతో కన్నాలు పెట్టి, ఇనుము కోసే రంపం బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి చేత్తోనే కోశాం. గ్రైండర్ ఉన్నా వాడొద్దు. ఎక్కువ స్పీడుకి ప్లాస్టిక్ కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి కోసే వీడియోలు చాలా తిరుగుతుంటాయి, ఆ పొగ పీల్చడం అస్సలు మంచిది కాదు. చేత్తో కోస్తే ముప్పావు గంట పట్టింది. తర్వాత అంచులు ఆకురాయితో నునుపు చేశాం.

జాలి దగ్గరే చాలామంది బోల్తా పడతారు

ఇంత కష్టపడి కోసిన చోట కిటికీకి కొట్టే దోమల జాలి తెచ్చి అంటిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, దుమ్ము రాదు. గాలీ సరిగ్గా రాదు! కన్నాలు మరీ చిన్నవి, నెల తిరిగేసరికి దుమ్ము పట్టి గుడ్డలా మారిపోతుంది.

మేం హార్డ్‌వేర్ షాపులో రంధ్రాల రేకు అడిగాం. స్పీకర్ల ముందు, కార్ల గ్రిల్లుల్లో వేస్తారే, అది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు తేనెపట్టులా వరసలు తప్పించి, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 4 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే రేకులో దాదాపు సగం ఖాళీయే. అదే 3 మిల్లీమీటర్ల రంధ్రం, దూరం 5 మిల్లీమీటర్లకి పెరిగితే ఖాళీ మూడో వంతుకి పడిపోతుంది. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని షాపుకి స్కేలు తీసుకెళ్లండి. ఆయన నవ్వితే నవ్వనీయండి.

రేకుని కత్తెరతో కొలతకి కోసి, లోపలి వైపు నుంచి చిన్న స్క్రూలు, వాషర్లతో బిగించాం. పెయింట్ కొట్టడం తమ్ముడి సరదా, మ్యాట్ బ్లాక్ స్ప్రే. ఒకేసారి మందంగా కొట్టొద్దని చెప్తూనే ఉన్నా, రెండు రంధ్రాలు మూసుకుపోయాయి. పిన్నీసుతో పొడిచి తెరిచాం.

మళ్లీ బిగించి రెండర్ పెట్టాం. 83, 74. ప్యానెల్ పూర్తిగా తీసేసినప్పటి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వెనక జల్లెడ

ఇక ఆగొచ్చు. కానీ వెనక వేడిగాలి బయటికి పంపే ఫ్యాన్ దగ్గర ఒక ఈల లాంటి మోత వస్తోంది. అక్కడ క్యాబినెట్ రేకులోనే చిన్న చిన్న కన్నాలు గుద్ది జల్లెడలా చేశారు. పాత, చవక క్యాబినెట్లలో ఇది మామూలే. ఆ జల్లెడని కోసేసి వైరు గ్రిల్ పెడితే గాలికి అడ్డు తగ్గుతుంది, ముఖ్యంగా మోత తగ్గుతుంది.

ఇప్పుడు కోసేది ఇనుము కాబట్టి రూల్స్ మారతాయి. మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్, డ్రైవులు అన్నీ బయటికి తీయాల్సిందే. న్యూస్‌పేపర్ కప్పి కోసేస్తా అనే షార్ట్‌కట్ వద్దు. ఇనప రజను ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం. ఒక్క సన్నటి తునక స్లాటులో పడి కూర్చుంటే కరెంటు ఇచ్చిన క్షణంలో పదివేల బోర్డు పోతుంది. విప్పే ముందు ప్రతి వైరునీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పవర్ బటన్ వైర్లు తిరిగి ఎక్కడ పెట్టాలో ఆ ఫొటోనే చెప్తుంది. ఎస్ఎంపీఎస్‌ని మాత్రం బయటికి తీసి పక్కన పెట్టడం వరకే. దాని డబ్బా విప్పి ఫ్యాన్ మారుద్దాం అనుకోవద్దు, ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ ఉండొచ్చు.

కళ్లద్దాలు, చేతులకి మందం గ్లౌజులు. రేకు కత్తెరతో జల్లెడ గళ్లని ఒక్కొక్కటే తుంచుకుంటూ పోయాం. తెగిన అంచు బ్లేడు కంటే పదును. దాన్ని ఆకురాయితో రుద్ది, చుట్టూ కారు డోర్‌కి వేసే రబ్బర్ బీడింగ్ తొడిగాం. కార్ల సామాన్ల షాపులో మీటర్ల లెక్కన అమ్ముతారు, కత్తిరింపు వంకర పోయినా అది కప్పేస్తుంది. తర్వాత డబ్బా మొత్తాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, మూలమూలా అయస్కాంతం తిప్పాం. తీసి చూస్తే అయస్కాంతానికి గడ్డం మొలిచినట్టుంది!

దీంతో ఇంకో డిగ్రీయే తగ్గింది, అదీ ప్రాసెసర్‌కే. ఈల మాత్రం పోయింది. నాలుగు గంటల పని అది. మోత మిమ్మల్ని విసిగించకపోతే ఈ భాగం మానేయండి.

పైన రంధ్రం ఎందుకు పెట్టలేదంటే

"ఎలాగూ అన్నీ విప్పాం కదన్నా, పైన కూడా ఒకటి పెట్టేద్దాం. వేడిగాలి పైకే కదా పోతుంది" అన్నాడు. వేడిగాలి పైకి పోయే మాట నిజమే, కానీ ఫ్యాన్ తోసే గాలి ముందు ఆ సహజమైన కదలిక ఎంత? ఫ్యాన్ ఎటు తోస్తే అటే పోతుంది.

ఇక నా కథ. కొన్నేళ్ల కింద నా మొదటి క్యాబినెట్‌కి పైన 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కోసం రంధ్రం పెట్టా. కొలతలన్నీ సరిగ్గానే తీసుకున్నా. 120 ఫ్యాన్‌కి స్క్రూ కన్నాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 140 ఫ్యాన్‌కి 124.5. అట్టముక్క మీద గీసుకుని, మధ్య బిందువు గుర్తుపెట్టి, రెండు వారాలు వెతికి తెచ్చుకున్న హోల్ సా తో గుండ్రంగా కోశా. చాలా అందంగా వచ్చింది. ఫ్యాన్ పెట్టబోతే దిగలేదు! ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు. కింద మదర్‌బోర్డు అంచున ఉన్న హీట్‌సింక్, దాని పక్క ప్రాసెసర్ పవర్ కేబుల్ తగులుతున్నాయి. పొడవు, వెడల్పు కొలిచాను, లోతు కొలవలేదు. చివరికి ఫ్యాన్‌ని క్యాబినెట్ నెత్తి మీద, బయట బిగించా. ఆ సిస్టమ్ ఉన్నన్నాళ్లూ మా ఇంటికొచ్చినవాళ్లంతా అదేంటని అడిగేవాళ్లు.

మీకు నిజంగా పైన అవసరమైతే పాత ఫ్యాన్ ఒకటి లోపల చేత్తో పట్టుకుని, డోర్ మూసి, నాలుగు వైపులా సందు చూసుకున్నాకే గీత గీయండి. తమ్ముడి క్యాబినెట్‌లో పైన 20 మిల్లీమీటర్లే ఉంది. సంగతి అక్కడితో ముగిసింది.

ఫ్యాన్ల సంగతి

ఏ ఫ్యాన్ ఎటు ఊదుతుందో తెలియకపోతే ఫ్రేము పక్కన బాణం గుర్తులు వెతకండి. లేకపోతే ఇంకో గుర్తు: మోటార్‌ని పట్టుకునే ఊచలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. మా అమరిక ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి. బయటికి పోయే దాని కంటే లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువ ఉంటే, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది కాబట్టి దుమ్ము జాలి దగ్గరే ఆగుతుంది. పల్నాడు రోడ్ల పక్క ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

మదర్‌బోర్డు మీద ఒక్కో ఫ్యాన్ హెడ్డర్ మామూలుగా 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద 0.2, 0.3 అని ఆంపియర్లు రాసి ఉంటాయి, కూడుకోండి. చవగ్గా దొరికిందని ఒకే హెడ్డర్‌కి స్ప్లిట్టర్ పెట్టి ఆరు ఫ్యాన్లు తగిలిస్తే హెడ్డర్ మాడుతుంది. అంతగా కావాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి కరెంటు తీసుకునే ఫ్యాన్ హబ్ కొనుక్కోండి.

ఎయిర్ కూలర్‌ని క్యాబినెట్ వైపు తిప్పి పెట్టేవాళ్లకి కూడా ఒక మాట. ఆ తడిగాలి గదిని చల్లబరచనివ్వండి, నేరుగా బోర్డు మీదకి వద్దు.

ఎంత తగ్గింది, ఎంత తగ్గదు

సాయంత్రానికి లెక్క ఇది. ప్రాసెసర్ 94 నుంచి 82, గ్రాఫిక్స్ కార్డు 83 నుంచి 74. గది వేడిని తీసేస్తే ప్రాసెసర్ 58 డిగ్రీలు పైన ఉండేది, ఇప్పుడు 46. క్లాక్ మళ్లీ 3.9 దగ్గర నిలబడింది. రెండర్ 42 నిమిషాలు. ఖర్చు: రంధ్రాల రేకు 250, థర్మల్ పేస్ట్ 250, స్ప్రే పెయింట్ 220, బీడింగ్, బ్లేడు, స్క్రూలు కలిపి ఇంకో 150. మొత్తం 870 రూపాయలు, రెండు మధ్యాహ్నాలు.

82 చూసి ఇంకా ఎక్కువే కదా అనుకోకండి. గాలితో చల్లబరిచే ఏ సిస్టమూ గది వేడి కంటే కిందికి దిగలేదు. ఇదే డబ్బా 26 డిగ్రీల ఏసీ గదిలో పెడితే అదే లోడ్‌కి దాదాపు 72 చూపిస్తుంది. విదేశీ రివ్యూల్లో కనపడే అంకెలు 20, 25 డిగ్రీల గదుల్లో తీసినవి, వాటిని మన మే నెలకి అన్వయించుకుంటే నిరాశే. 2000ల దశకంలో ఇంటెల్ క్యాబినెట్ల కోసం ఇచ్చిన డిజైన్ గైడ్‌లో ఒక లెక్క ఉండేది: బయట గది 35 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ ఫ్యాన్‌కి అందే గాలి 38 దాటకూడదని. అప్పటి క్యాబినెట్ల పక్క డోర్‌కి లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం వేలాడుతుండేది గుర్తుందా? అది దీనికోసమే, బయటి గాలి సరాసరి ప్రాసెసర్ మీద పడటానికి. ఆ బూడిద రంగు డబ్బాలకి లైట్లు లేవు కానీ, మన ఎండలకి అవే సరిగ్గా సరిపోయేవి. మెరిసే గాజు వచ్చి గొట్టాన్ని మింగేసింది.

ఒక హెచ్చరిక మిగిలింది. కోసిన క్యాబినెట్‌కి వారంటీ ఉండదు. మీది కొత్తదైతే, కోత మొదలుపెట్టే ముందు జాలి ముందు ప్యానెల్‌తో వచ్చే క్యాబినెట్ ధర ఒకసారి చూడండి. పాతది అమ్మితే వచ్చే డబ్బులు కలుపుకుని అదే చవక పడితే నేనైతే మార్చేస్తా. తమ్ముడిది నాలుగేళ్ల పాతది, ఎవరూ కొనరు, చేతిలో డబ్బుల్లేవు. అందుకే కోశాం.

నెలాఖరుకి మూడో పెళ్లి వీడియో కూడా ఇచ్చేశాడు, బ్యాలెన్స్ వచ్చిందని మెసేజ్ పెట్టాడు. ఆ ఊడదీసిన యాక్రిలిక్ షీటు ఏం చేశావని అడిగితే ఫొటో పంపాడు. మేడ మీద, ఎండలో, దాని మీద పల్చటి పంచె ముక్క పరిచి పిన్ని వడియాలు పెట్టింది.